టోబయ్య ట్రాన్స్‌ఫర్

సాంబమూర్తి ఉద్యోగం నుంచి రిటైరైన మర్నాడే, కప్పిన శాలువా ఇంకా బీరువాలోకి చేరకముందే, భార్యతో తన కోరిక చెప్పాడు. ఇక షిఫ్టుల గొడవ లేదు గనక "ఓడ సీరియల్" మొదటి నుంచి చివరిదాకా, నడుమ ఒక్క వారం కూడా పోకుండా చూస్తానన్నాడు. రిటైరైన మగవాళ్ళు కాశీకి పోదామంటారు, ఇల్లు కడదామంటారు, ఏమీ తోచనివాళ్ళు ఇంట్లో డబ్బాల మూతలు తీసి చూసి వంటకు వంకలు పెడతారు. వాటన్నిటితో పోలిస్తే ఈయన అడిగింది ఎంత. నాంచారమ్మ సంతోషించాల్సిన మాటే అది. కానీ పప్పు తిప్పుతున్న గరిటె ఆమె చేతిలో ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో తెలియాలంటే ముందు ఓడ సంగతి, ఆ తర్వాత షిఫ్టుల సంగతి చెప్పుకోవాలి.

ఓడంటే నీళ్ళమీద పోయేది కాదు, చుక్కల మధ్య తిరిగేది. ఎక్కడో దూరదేశంలో తీసిన సీరియల్‌కి తెలుగు మాటలు అతికించి టీవీలో ప్రతి గురువారం సాయంత్రం వేసేవాళ్ళు. "గగననౌక" అని దానికి గంభీరమైన పేరే పెట్టారు గానీ, ఇల్లెందు బొగ్గు గనుల కాలనీలో ఆ పేరు పలికిన పాపాన ఎవరూ పోలేదు. మొదటి ఓడ కథ అయిపోయాక రెండో ఓడ వచ్చింది, అందులో మొదటివాళ్ళ పిల్లలు పెద్దవాళ్ళై ఉద్యోగాలు చేసేవాళ్ళు. ఆ తర్వాత మూడో ఓడ. కాలనీలో పిల్లలు పలక పట్టినప్పుడు మొదలైన సీరియల్ వాళ్ళు కాలేజీలో చేరేదాకా నడిచింది.

గని మనుషులకు అదంటే ఎందుకంత పిచ్చి అంటే, ఆ ఓడలోనూ షిఫ్టులుండేవి. సైరన్ మోగితే పడుకున్నవాళ్ళు లేచి ఉరికేవాళ్ళు. గాలి తగ్గితే గుండెలు పట్టుకునేవాళ్ళు. టోపీకి లైటు తగిలించుకుని చీకట్లో దూరేవాళ్ళు. ఆర్డర్లు పైనుంచి వచ్చేవి, ఆర్డరిచ్చినవాడు మాత్రం ఎన్నడూ కిందికి దిగేవాడు కాదు. ఇంతకన్నా కావలసిందేముంది?

వాళ్ళందరిలో సాంబమూర్తికి ప్రాణమైనవాడు టోబిన్. ఓడ అడుగున, ఇంజన్ గదిలో, చమురు మరకల బట్టలతో తిరిగే లావుపాటి మనిషి. కాలనీ అతణ్ణి టోబయ్యను చేసుకుంది. ఇంజన్‌లో ఏ చిన్న తేడా వచ్చినా టోబయ్య గోడకు చెవి ఆనించి కళ్ళు మూసుకుని వినేవాడు. సాంబమూర్తి గనిలో చేసిన పనీ అదే. బొగ్గు తీసినచోట పైకప్పు కూలకుండా కర్ర దిమ్మలు నిలబెట్టడం, అవి బరువుకు చిటపటమంటుంటే చెవి పెట్టి వినడం. దిమ్మ మాట్లాడుతుందని గనిలో అంటారు. టోబయ్య గోడకు చెవి పెట్టినప్పుడల్లా ఈయన ఇంట్లో వేలు పైకెత్తి, నాంచారమ్మను, పిల్లలను, కుక్కర్‌ను కూడా నోరు మూసుకోమనేవాడు.

ఇక షిఫ్టులు. ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం నైటు, ఒక వారం సెకండ్ షిఫ్టు. పొద్దుటిదైతే సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు. నైటైతే సీరియల్ చూసి, తిని, అప్పుడు పోతాడు. సెకండ్ షిఫ్టు వారం మాత్రం గురువారం సాయంత్రం ఓడ ఆకాశంలో ఉంటే ఈయన భూమి కింద ఉండేవాడు. ఆ వారం కథ చెప్పే బాధ్యత నాంచారమ్మది. శుక్రవారం మధ్యాహ్నం ఆయన పీట మీద కూర్చుని అన్నం కలుపుతూ, "ఊఁ, నిన్న ఏమైంది?" అంటే ఆమె మొదలుపెట్టేది. ఆయన తినడం, ఆమె చెప్పడం ఒక్కసారే ముగిసేవి. చెయ్యి కడుక్కుని, టిఫిన్ డబ్బా పట్టుకుని, గని దారి పట్టేవాడు.

చిక్కంతా అక్కడే ఉంది. గనిలోకి దిగబోయే మనిషి చెవిన చావు మాట వేయకూడదని కాలనీ ఆడవాళ్ళకు ఒక కట్టు ఉంది. ఎవరు పెట్టారో తెలియదు, ఎవరూ తప్పరు. గని దారిలో మైసమ్మకు దండం పెట్టుకునేది మగవాళ్ళైతే, ఆ దండం దాకా వాళ్ళను మంచి మాటలతో సాగనంపేది ఆడవాళ్ళు. ఆ వేళకు రేడియోలో వార్తలు వస్తే కట్టేస్తారు. పక్కవీధిలో ఎవరైనా పోతే, షిఫ్టు దిగి వచ్చాకే చెబుతారు. మరి ఓడలో మనుషులేమో వారానికొకరు చచ్చేవాళ్ళు.

నాంచారమ్మ ఏం చేస్తుంది పాపం. చచ్చినవాళ్ళను బతికించింది.

ఒకాయనకు సిక్ లీవు ఇప్పించింది. ఒకామెను కాన్పుకు పుట్టింటికి పంపింది. తుపాకి దెబ్బ తిన్న కుర్ర సిపాయి చేత ఉద్యోగం మాన్పించి సొంతూళ్ళో మిరప తోట వేయించింది. ఒకసారి ఏకంగా ఒక గ్రహమే పేలిపోయింది. ఊరంతా ఖాళీ చేయించి వేరేచోట ఇళ్ళ స్థలాలిచ్చారని ఆమె చెబితే, బొగ్గు కోసం పల్లెల్ని ఖాళీ చేయించడం చూసిన సాంబమూర్తి తలాడించి, స్థలాలు ఊరికి దగ్గరేనా అని మాత్రం అడిగాడు.

టోబయ్య కూడా సెకండ్ షిఫ్టు వారంలోనే చచ్చిపోయాడు. ఇంజన్ గదికి నిప్పంటుకుంటే, మిగతా ఓడకు పాకకుండా లోపలినుంచి తలుపు వేసుకుని అందులోనే ఉండిపోయాడు. ఆ గురువారం నాంచారమ్మ ఒక్కతే టీవీ ముందు కూర్చుని కొంగు తడిసేలా ఏడ్చింది. మర్నాడు మధ్యాహ్నం ఆయన అన్నం కలిపి, మా టోబయ్య ఏం చేసిండు అని అడిగాడు. ఆమె నెయ్యి వడ్డిస్తూ, టోబయ్య నిప్పార్పిండు, క్యాప్టెన్ మెచ్చుకుని ప్రమోషన్ మీద పెద్ద ఓడకు ట్రాన్స్‌ఫర్ చేసిండు అని చెప్పింది. సాంబమూర్తి ముఖం వెలిగిపోయింది. ఆ వారం గనిలో ఆయన గ్యాంగులో అందరూ ఆ ప్రమోషన్‌కు సంతోషించారట.

పై వారం సాంబమూర్తి ఇంట్లోనే ఉన్నాడు. తెర మీద ఓడ జనమంతా వరసగా నిలబడి కళ్ళు తుడుచుకుంటుంటే, ఒక పొడుగాటి పెట్టెను బయటి చీకట్లోకి తోశారు. అందులో ఏముందని అడిగాడు. ఆయన సామాను, ట్రాన్స్‌ఫరైతే సామాను పంపరా ఏంది అంది నాంచారమ్మ, కళ్ళార్పకుండా. ఎంత బాగా సాగనంపిన్రు అని ఆయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

ఇక అప్పటినుంచి టోబయ్య తిరిగొస్తాడని ఆయన ఎదురుచూపు. రెండో ఓడలో రాలేదు, మూడో ఓడలోనూ రాలేదు. వచ్చే ఉంటాడు, అది కచ్చితంగా నా సెకండ్ షిఫ్టు వారమై ఉంటది, నువ్వు ఏ కూర మాడుతుంటెనో లేచి పోయి ఉంటవ్ అనేవాడు. ఇప్పుడు ఓడలన్నీ వరసపెట్టి చూస్తానన్నది ఆ ఒక్కదాని కోసమే. టోబయ్యను మళ్ళీ చూడాలని.

ఈ వ్యవహారంలో బలరాం అనే మనిషి ఒకడున్నాడు. అడవి అంచున తండా వాడు, సాంబమూర్తితో పాటే గనిలో చేరి ఒక ఏడాది ముందే రిటైరై పత్తి వేసుకుంటున్నాడు. అతనిది వేరే రిలే. అంటే అతని సెకండ్ షిఫ్టు వారం వేరు, అతను చూడని కథ వేరు. టోబయ్య చచ్చిన వారం బలరాం ఇంట్లోనే ఉండి కళ్ళారా చూశాడు. చచ్చిపోయిండన్నా, నేను చూసిన అని ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాడు. మా ఇంటామె అబద్ధం చెప్తదా అని సాంబమూర్తి ఒంటికాలి మీద లేచేవాడు. టీకొట్టు దగ్గర ఇద్దరూ ఈ విషయం మీద మాటలు మానేసిన రోజులున్నాయి. మళ్ళీ టీ తాగడానికి కలవక తప్పేది కాదు.

దసరా సెలవులకు కొడుకు వాసు వచ్చాడు. ఖమ్మంలో ఒక కోచింగ్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. తండ్రి కోరిక విని నవ్వి, ఎవరో స్నేహితుడి దగ్గర ఓడలన్నీ కాపీ చేయించి, ఒక డీవీడీ ప్లేయర్‌తో సహా తెచ్చి పెట్టాడు. డిస్కుల మీద వరస నంబర్లు కూడా వేశాడు, నాన్నకు ఇబ్బంది లేకుండా. కొడుకు అంత బుద్ధిమంతుడైనందుకు నాంచారమ్మకు మొదటిసారి బాధ కలిగింది.

రోజూ మధ్యాహ్నం, సరిగ్గా సెకండ్ షిఫ్టు సైరన్ మోగే వేళకు చూడాలని సాంబమూర్తి నిర్ణయించాడు. క్వార్టర్ ఖాళీ చేసి కాలనీ చివర కిరాయి ఇంట్లోకి మారినా సైరన్ బాగానే వినబడేది. అది మోగగానే గని వైపు చూసి ఒకసారి నవ్వుకుని, కాళ్ళు మడుచుకుని కూర్చుని, డిస్కు పెట్టేవాడు. బలరాం తన భార్య రుక్మిణిని బండి మీద ఎక్కించుకుని తండా నుంచి వచ్చేవాడు. రుక్మిణి వేయించిన పల్లీలు తెచ్చేది. నాంచారమ్మ మరమరాలు కలిపేది. చూసేవాళ్ళకు అదొక చిన్న పండుగలా ఉండేది.

మొదటి రోజుల్లో నాంచారమ్మ బాగానే నెట్టుకొచ్చింది. సిక్ లీవు ఆయన తెర మీద ప్రాణం విడిచినప్పుడు, ఈయన వేరే, ఆయన తమ్ముడు అని చెప్పింది. మిరప తోట సిపాయి చావు రాబోతుండగా టీ కావాలా అని గట్టిగా అడిగి అడ్డంగా నడిచింది. గ్రహం పేలినప్పుడు మాత్రం ఏమీ చేయలేకపోయింది. సాంబమూర్తి చాలాసేపు తెరకేసి చూసి, మరి ఇళ్ళ స్థలాలు ఎవరికిచ్చినట్టు అన్నాడు. జనం ముందే వెళ్ళిపోయారు, ఇది ఖాళీ గ్రహం అని రుక్మిణి అందుకుని గట్టెక్కించింది.

రుక్మిణి ఎందుకు అందుకుందో ఆ పై వారమే తెలిసింది. ఓడలో ఒక డాక్టరమ్మ ఉండేది, ముఖం నీలంగా ఉండేది, చెయ్యి మాత్రం చల్లగా ఉండేది. బలరాంకు ఆమె అంటే గౌరవం. ఆమె ఉద్యోగం వదిలి అడవి మనుషులకు వైద్యం చేస్తూ ఉండిపోయిందని, సాంబమూర్తి కాదన్నా వినక, అతను నమ్మకంగా చెప్పేవాడు. ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ అందరి కళ్ళముందే విషపు గాలి పీల్చి చచ్చిపోయింది. బలరాం నోట్లో పల్లీ నోట్లోనే ఉంది. మెల్లగా భార్య వైపు తిరిగాడు. రుక్మిణి కాస్త కూడా తొణకలేదు.

"నువ్వు డబ్బా పట్టుకుని గనికి పోతుంటే, డాక్టరమ్మ సచ్చింది, నువ్వు పోయిరా అని చెప్పమంటవా?" అంది.

బలరాం ఒక్క క్షణం ఆలోచించి, పడీపడీ నవ్వాడు. సాంబమూర్తి అంతకన్నా ఎక్కువ నవ్వాడు, తొడలు చరుచుకుని, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా. నవ్వి నవ్వి, ఒక మాట అన్నాడు. తమ్మీ, నీ ఇంట్ల ఎట్లనో గానీ, మా నాంచారమ్మ మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్తది అన్నాడు. అన్నాక గర్వంగా భార్య వైపు చూశాడు కూడా. నాంచారమ్మ ఖాళీ పళ్ళెం తీసుకుని వంటింట్లోకి పోయింది.

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు. ఆ గర్వాన్నే భరించలేకపోయింది. టోబయ్య ఒక్కడైతే ఏదో నవ్వులాటగా పోయేది. కానీ ఆ తలుపు తెరుచుకుంటే దాని వెనక ఇంకొకటి ఉంది. చాలా ఏళ్ళ కిందటిది, ఓడలో జరిగింది కాదు, ఇంట్లో జరిగింది. కూతురు అరుణశ్రీ ఇంకా బడికి పోని రోజులు. వేంసూరులో ఉండే సాంబమూర్తి పెద్దన్న చనిపోయాడు. తల్లీ తండ్రీ లేని తమ్ముణ్ణి భుజాల మీద పెంచి, గనిలో ఉద్యోగం పెట్టించిన అన్న. ఆ కబురు సత్తుపల్లి నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవర్ మధ్యాహ్నం పెరటి వైపు నుంచి నాంచారమ్మకు చెప్పి పోయాడు. అప్పుడు సాంబమూర్తి ముందు వాకిట్లో అన్నం తింటున్నాడు. సెకండ్ షిఫ్టు వారం. ఆమె చెప్పలేదు. డబ్బా చేతికిచ్చి పంపింది. ఆయన షిఫ్టు దిగి వచ్చాక, కబురు పొద్దుగూకాక వచ్చిందని చెప్పింది. అప్పటికి బస్సులు లేవు. మర్నాడు ఆయన వేంసూరు చేరేసరికి అంతా అయిపోయింది. అన్న ఆఖరి చూపు దక్కలేదని ఆయన ఇప్పటికీ అప్పుడప్పుడు అంటాడు. అంటాడు గానీ కబురును తప్పుపడతాడు, భార్యను కాదు.

అందుకే ఆమె టోబయ్య డిస్కును బియ్యం డబ్బాలో దాచింది.

మధ్యాహ్నం డిస్కు కనబడకపోయేసరికి ఇల్లంతా తలకిందులైంది. పరుపు కింద, టీవీ వెనక, గుర్తుకొచ్చిన ప్రతిచోటా సాంబమూర్తి వెతికాడు. ఆ రోజు బలరాం వాళ్ళు రాలేదు, తండాలో ఎవరిదో పెళ్ళి. దానివల్ల వెతికేవాళ్ళు తక్కువై, వెతుకులాట ఎక్కువైంది. దాన్ని వదిలేసి తర్వాతిది చూద్దామని నాంచారమ్మ ఎంత చెప్పినా వినలేదు. ఒక్క వారం కూడా పోకూడదన్నది ఆయన పట్టు. చివరికి చొక్కా వేసుకుని, ఖమ్మం పోయి వాసు దగ్గర ఇంకో కాపీ తెస్తానని బయల్దేరాడు.

గడప దగ్గర కూర్చుని ఆయన చెప్పుల బెల్టు పెట్టుకుంటుంటే నాంచారమ్మ వెనక నిలబడి చూసింది. అన్ని షిఫ్టులకూ ఆయన అట్లాగే కూర్చుని బూట్లు వేసుకునేవాడు, ఆమె అట్లాగే వెనక నిలబడేది. ఆయన వీపు చూస్తూ ఎన్నిసార్లు ఎన్ని మాటలు మింగిందో ఆమెకే తెలుసు. ఇప్పుడు ఆయన పోయేది గనికి కాదు, ఖమ్మం బస్సుకు. మింగాల్సిన పని ఇంకా ఏముందని ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది. వంటింట్లోకి పోయి బియ్యంలో చెయ్యి పెట్టి డిస్కు తీసింది. కొంగుతో తుడిచి తెచ్చి ఆయన ఒళ్ళో వేసింది.

"దీంట్ల టోబయ్య సచ్చిపోతడు. ముందే చెప్తున్న. ట్రాన్స్‌ఫర్ గాలే, ప్రమోషన్ గాలే. కాలిపోయిండు."

సాంబమూర్తి డిస్కుకేసి, ఆమెకేసి మార్చి మార్చి చూశాడు. డిస్కుకు అంటిన బియ్యపు గింజ ఒకటి గోటితో తీసేశాడు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి డిస్కు పెట్టాడు.

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూశారు. నిప్పు అంటుకుంది. టోబయ్య గోడకు చెవి పెట్టి విన్నాడు, తలుపు దగ్గర ఉన్నవాళ్ళను బయటికి తోసి, లోపలినుంచి గడియ వేసుకున్నాడు. అద్దంలోంచి క్యాప్టెన్‌కు చెయ్యి ఊపాడు. సాంబమూర్తి ఏడ్చాడు. దాచుకోకుండా, చిన్నపిల్లవాడిలా ముక్కు ఎగబీలుస్తూ ఏడ్చాడు. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన మనిషి ఇక రాడని ఇప్పుడే కబురందినవాడి ఏడుపు అది. నాంచారమ్మ కూడా ఏడ్చింది, కొంత టోబయ్య కోసం, కొంత తన కోసం.

ఏడుపయ్యాక ఆయన ముఖం కడుక్కుని వచ్చాడు. నాంచారమ్మ మరమరాల పళ్ళెం ముందు పెట్టింది, ఏదో ఒకటి పెట్టాలి గనక. ఆయన ఒక గుప్పెడు తీసుకుని నోట్లో వేసుకోబోయి ఆగాడు. ఆయన ఆలోచన ఎటు పోతున్నదో ఆమెకు తెలిసిపోయింది.

"పెద్దన్న కబురు ఎప్పుడొచ్చింది?" అని అడిగాడు.

పొద్దుగూకాక అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎన్నోసార్లు చెప్పిన మాట, అరిగి నున్నబడ్డ మాట. నాంచారమ్మ దాన్ని పక్కకు నెట్టింది.

"పగటీలి. నువ్వు బువ్వ తింటుంటివి."

సాంబమూర్తి లేచి వాకిట్లోకి పోయి నిలబడ్డాడు. దూరంగా గని వైపు నుంచి బొగ్గు లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఆయన వాటినే చూస్తున్నాడో, వేంసూరునే చూస్తున్నాడో ఆమెకు తెలియలేదు. ఇక ఈ మనిషి నా మాట ఏదీ నమ్మడు అనుకుంది. కూరలో ఉప్పు వేశానని చెప్పినా రుచి చూసిగానీ నమ్మడు అనుకుంది. అంత బాధలోనూ ఉప్పే ఎందుకు గుర్తొచ్చిందో ఆమెకే అర్థం కాలేదు.

కాసేపటికి ఆయన లోపలికి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. ముఖంలో కోపం లేదు. లెక్క కుదరక తికమకపడేవాడి ముఖంలా ఉంది.

నీకు తెల్వదు గానీ, ఆ రోజు ఆ షిఫ్టులో నడుమ దిమ్మ మాట్లాడింది అని మొదలుపెట్టాడు. గ్యాంగులో మిగతావాళ్ళకు వినబడలేదట. మిషన్ చప్పుడులో వాళ్ళు పని చేసుకుంటున్నారు. ఈయన ఒక్కడే విని అరిచాడు. అరిచి ఊరుకోలేదు, కదలనివాళ్ళను కాలర్ పట్టుకుని ఈడ్చాడు. టిఫిన్ డబ్బాలు, నీళ్ళ సీసాలు ఎక్కడివక్కడ వదిలేసి ఉరికారు. వెనక కప్పు మొత్తం కూలింది. ఆ దుమ్ము నోట్లోకి పోయి ఊపిరాడక కాసేపు ఒకరి చేతులొకరు పట్టుకుని చీకట్లో కూర్చున్నారట. ఈయన మడమ మీద ఒక బొగ్గు పెళ్ళ పడి చర్మం లేచింది.

నాంచారమ్మకు ఆ రోజు గుర్తుంది. డబ్బా ఏదంటే క్యాంటీన్‌లో మరిచిపోయానన్నాడు. మడమకు గుడ్డ ఏందంటే బూటు కరిచిందన్నాడు. ఏమైనా జరిగిందా అంటే, ఏముంటది, రోజూ లెక్కనే అన్నాడు. కొత్త డబ్బా పోగొట్టుకొచ్చినందుకు ఆమె విసుక్కుంది కూడా, విసుక్కున్నాకే పెద్దన్న కబురు చెప్పింది. ఆయన ఇంటికొచ్చి ఎప్పుడూ ఏమీ చెప్పేవాడు కాదు. బాగనే నడిచింది అనే ఒక్క మాటతో ఉద్యోగమంతా గడిపేశాడు. ఆమె ఆ మాటను ఒక్కసారి కూడా అనుమానించలేదు. అబద్ధాలాడేది తనొక్కతే అనుకుంది.

"నువ్వు పగటీలి చెప్పి ఉంటే నేను బస్సుల ఉండేటోణ్ణి," అన్నాడు సాంబమూర్తి. "అన్న ముఖం సూసేటోణ్ణి. మా గ్యాంగోళ్ళ ముఖం మళ్ళ సూడకపోదును. నిన్ను తిట్టాల్నో, నీకు మొక్కాల్నో నాకు సమజైతలేదే."

అని నవ్వాడు. నిజంగానే నవ్వాడు, బుగ్గల మీద ఏడుపు తడి ఆరకముందే. ఇట్లాంటివి ఇంకా ఉన్నాయని, నైటు షిఫ్టులో నీళ్ళు కమ్మినప్పటిది ఇంతకన్నా పెద్దదని, ఓడలన్నీ అయిపోయాక అవి కూడా మొదటి నుంచి వరసగా చెబుతానని ఉత్సాహంగా అన్నాడు. తన కథల్లో కూడా ఒక్క వారం పోకుండా వినాలని షరతు పెట్టాడు. మరమరాల గుప్పెడు ఇప్పుడు నోట్లో వేసుకున్నాడు.

నాంచారమ్మ నవ్వలేదు. ఎవరు బతికారు, తన అబద్ధం మంచిదా చెడ్డదా అన్న లెక్కలు ఏవీ ఆమె తలకు ఎక్కలేదు. ఆ మధ్యాహ్నం నెయ్యి వేసి, డబ్బా మూత బిగించి, నవ్వు ముఖంతో ఆయన్ను ఆ కప్పు కిందికి పంపింది తనే. అంతే తెలిసింది ఆమెకు. ఆ రాత్రి పడాల్సిన భయం, ఆ రాత్రి ఎవరూ చెప్పకపోవడం వల్ల పడని భయం, ఇప్పుడు ఒక్కసారిగా పడింది. లుంగీ కట్టుకుని, ఎదురుగా కూర్చుని, మరమరాల్లోంచి పచ్చిమిరపకాయ ముక్కలు ఏరి పక్కన పెడుతున్న మనిషి బతికి వస్తాడో రాడో అన్న భయం అది. చెయ్యి చాచి ఆయన మణికట్టు పట్టుకుంది.

తర్వాతి డిస్కు పెట్టడానికి సాంబమూర్తి లేవబోయాడు. ఆమె వదల్లేదు. ఏందే, చెయ్యి ఇడువు, టోబయ్య జాగాలోకి ఎవరొచ్చిన్రో సూడాలె అన్నాడు. అయినా వదల్లేదు. ఆయన ఆమె ముఖం చూసి మళ్ళీ కూర్చున్నాడు. కుడిచెయ్యి ఆమె దగ్గర ఉండిపోవడంతో, ఎడమచేత్తో మరమరాలు తినడం మొదలుపెట్టాడు.